పది రోజులు, నాలుగు ఊళ్ళు

రమజాను సెలవుల్లో కితాబుల బీరువా సర్దుతుండగా, ఒక పాత అరబ్బీ వ్యాకరణ గ్రంథం నుంచి నాలుగు మడతల కాగితం జారిపడింది. విప్పి చూస్తే, 2011 మే నెలలో మేము సకుటుంబంగా చేసిన ప్రయాణానికి మా చేతిరాతతోనే వేసుకున్న పట్టిక. నాలుగు రోజులు, ఆరు ఊళ్ళు, పందొమ్మిది స్థలాలు. ప్రతి స్థలానికి ఎదురుగా సమయం కేటాయించి ఉంది. బీదర్ కోటకు గంటన్నర. మహమూద్ గవాన్ మదరసాకు ముప్పై నిమిషాలు. చూసివచ్చిన ప్రతిదానిపై పరీక్ష పత్రాలు దిద్దే ఎర్ర కలంతో ఒక గుర్తు. లెక్కపెట్టాము. పందొమ్మిదింటిలో పదిహేడు. ఇంటికి తిరిగివచ్చిన రాత్రి ఆ పదిహేడును చూసుకొని మేము సంతోషించిన సంగతి ఇప్పటికీ జ్ఞాపకమే.

ఈ వేసవిలో అదే దారిన మరోసారి బయలుదేరదలచి, ఆ కాగితాన్ని బల్లమీద పెట్టుకొని కొత్త పట్టిక రాస్తున్నాము. పిల్లలకు సెలవులిచ్చే ఈ రోజుల్లో పాఠకుల ఇళ్ళలోనూ ఇటువంటి పట్టికలు తయారవుతూ ఉంటాయి గనుక, మా తప్పులు వారికి ఎంతో కొంత ఉపకరించవచ్చు.

మొదటి చిక్కు తేదీలది. మదరసా సెలవులు చంద్రుణ్ణి బట్టి వస్తాయి, బడి సెలవులు సూర్యుణ్ణి బట్టి వస్తాయి. 2017 నుంచి 2019 దాకా రమజాను మాసం మే, జూన్ నెలల్లో పడింది. సెలవులు కలిశాయి గాని ఉపవాసాలతో ఎక్కడికీ కదలలేదు. ఇప్పుడు రమజాను వెనక్కి జరిగి ఫిబ్రవరి, మార్చి నెలలకు చేరింది. పిల్లలు ఏప్రిల్ నాలుగో వారంలో బడి సంచులు పక్కన పెట్టే నాటికి, షవ్వాలుతో మొదలైన మా కొత్త విద్యాసంవత్సరం ఊపందుకుంటుంది. బక్రీదు మే చివరలో ఉంది, ఆ పనులు వేరు. కనుక ఏప్రిల్ చివరి రోజుల్లోనే వెళ్ళాలి. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారిగా సొంత పనికి పది రోజుల సెలవు కోరాము. నాజిమ్ సాహెబు కారణం అడిగారు. బీదర్ వెళ్ళాలని చెప్పాము. బీదర్‌కు పది రోజులెందుకని ఆయన ఆశ్చర్యపోయారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మా తండ్రిగారి సంగతి చెప్పాలి.

అబ్బాజాన్ మా పాలమూరు జిల్లాలోని ఒక చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళు మక్తబ్ నడిపారు. మస్జిదు వరండాయే పాఠశాల. వర్షం వస్తే పిల్లలను మూలకు జరుపుకొని పాఠం చెప్పేవారు. ఆయన మాటల్లో తరచుగా వినబడే పేరు మహమూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి 1453లో వర్తకుడిగా దక్కనుకు వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన మనిషి. 1472లో బీదర్‌లో ఆయన కట్టించిన మదరసా మూడంతస్తుల కట్టడం. నడుమ విశాలమైన ప్రాంగణం, దాని నాలుగు వైపులా ఎత్తైన తోరణాలు, చుట్టూ విద్యార్థులకూ ఉస్తాదులకూ గదులు, ఉపన్యాస మందిరాలు, మస్జిదు, గ్రంథాలయం. గ్రంథాలయంలో మూడువేల రాతప్రతులు ఉండేవని చెబుతారు. ఇటుకా సున్నమూ లేని మక్తబ్‌లో కూర్చొని అబ్బాజాన్ ఈ గదుల సంగతి వర్ణించి చెప్పేవారు. ఆయన బీదర్ చూసింది లేదు.

గవాన్ అంతం దుఃఖకరమైనది. పగబట్టిన దర్బారు పెద్దలు ఆయన ముద్రను కాపాడే సేవకుణ్ణి లోబరచుకొని, ఖాళీ కాగితంపై ముద్ర వేయించారు. ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని పిలుస్తున్నట్టుగా ఆ కాగితంపై లేఖ రాసి, సుల్తాను మూడవ ముహమ్మద్ షాకు చూపారు. మద్యం మత్తులో ఉన్న సుల్తాను విచారణ లేకుండానే శిరచ్ఛేదానికి ఆజ్ఞాపించాడు. అది 1481 ఏప్రిల్ మాసం. తర్వాత మంత్రి ధనాగారాన్ని తెరిపిస్తే, అందులో పేర్కొనదగినంత ధనం లేదని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. వచ్చినదంతా బీదలకూ విద్యార్థులకూ పోయేదట. నిజం తెలుసుకొని కుమిలిపోయిన సుల్తాను మరుసటి ఏడే మరణించాడు. బహమనీ రాజ్యం కూడా ఆ దెబ్బనుంచి మళ్ళీ తేరుకోలేదు.

గవాన్ సమాధి బీదర్ పట్టణం వెలుపల గోర్నళ్ళి గ్రామం దగ్గర ఉంది. గుమ్మటం లేదు, గోడలపై చెక్కడాలు లేవు. ఒక అరుగు మీద సాదా సమాధి, అంతే. పర్యాటకుల పట్టికల్లో దానికి చోటు దొరకదు. 2011 నాటి మా పట్టికలోనూ దొరకలేదు.

ఆ మే నెల మధ్యాహ్నం మేము గవాన్ మదరసా చేరేసరికి ఒంటిగంట దాటింది. అబ్బాజాన్ వయస్సు అప్పటికి డెబ్బై నాలుగు. ప్రాంగణమంతా నిదానంగా తిరిగారు. ఒక గది గడప దగ్గర చాలాసేపు నిలబడి, గోడలోని గూటిని చేత్తో తడిమి చూశారు. తర్వాత నీడలో ఒక మెట్టుపై కూర్చొని, "అస్ర్ దాకా ఇక్కడే ఉందాము బేటా. ఆ తర్వాత ఆయన సమాధి దగ్గరకు పోయి, సలాము చెప్పి, దుఆ చేసుకొని వద్దాము" అన్నారు. మేము గడియారం చూసుకున్నాము. మగ్రిబ్‌లోగా గుల్బర్గా చేరాలని కాగితంపై రాసి ఉంది. "వచ్చేసారి వెళ్దాము, అబ్బాజాన్" అన్నాము. ఆయన మరో మాట అనలేదు. గోడ ఆసరాతో లేచి, వచ్చి బండిలో కూర్చున్నారు. 2014లో అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. ఆ కాగితంపై గవాన్ మదరసాకు ఎదురుగా మా ఎర్ర గుర్తు స్పష్టంగా ఉంది.

ఆ ప్రయాణంలో మరో సంగతి కూడా జరిగింది. మేము దానిని ఎన్నో ఏళ్ళ తర్వాత గాని తెలుసుకోలేదు. ఈ మధ్య పాత కాగితాన్ని మా ఇల్లాలికి చూపి, "ఎంత చూశామో చూడు" అంటే ఆమె నవ్వి, "మీరు చూశారు. నేనూ అత్తమ్మా జహీరాబాదు నుంచి గుల్బర్గా దాకా గుటక నీళ్ళు తాగలేదు" అన్నది. ఎందుకని అడిగాము. "తాగితే ఆగాలి. ఆగితే మీ టైము పోతుంది. ఆగినా ఆడవాళ్ళకు చోటు ఎక్కడుంది?" మే నెల ఎండ, కిక్కిరిసిన బండి, దాహాన్ని దాచుకొని కూర్చున్న ఇద్దరు స్త్రీలు. ముందు సీటులో కూర్చొని పిల్లలకు బహమనీల చరిత్ర చెబుతున్న మాకు అది తెలియనే లేదు. ఇల్లు చేరాక మా ఇల్లాలు వారం రోజులు మూత్రంలో మంటతో, జ్వరంతో పడుకున్నది. అదంతా ఎండదెబ్బ అనుకున్నాము. ప్రయాణం మనిషికి తిండినీ నీటినీ నిద్రనూ దూరం చేస్తుందనీ, పని ముగియగానే ఇంటికి మరలాలనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను మేము ఏటేటా విద్యార్థులకు బోధిస్తూ వచ్చాము. మా బండిలోనే దానిని చదవలేకపోయాము.

అందుచేత ఈసారి పట్టిక రాసే పద్ధతి మార్చాము. పుస్తకం తీసి స్థలాల పేర్లు ఏరడం మానివేసి, ఇంట్లో ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కటంటే ఒక్క కోరిక చెప్పమన్నాము. రెండవది చెబితే రాయబోమని షరతు పెట్టాము. పద్నాలుగేళ్ళ మా అబ్బాయి గోల్ గుంబజ్‌లో గుసగుసల వసారా అన్నాడు. డిగ్రీ చదివే అమ్మాయి బిద్రీ పనివారి దుకాణంలో కూర్చొని, పని మొదటినుంచి చివరిదాకా చూడాలన్నది. డెబ్బై ఆరేళ్ళ అమ్మీజాన్ ఏ కట్టడం పేరూ చెప్పలేదు. హుమ్నాబాదులో తన చిన్ననాటి నేస్తం ఉన్నదట, పెళ్ళి తర్వాత ఇద్దరూ కలిసింది మూడుసార్లేనట. ఆ ఇంట్లో ఒక పూట కావాలన్నారు. మా ఇల్లాలు, పది రోజులూ పొయ్యి ముట్టించకూడదు, ఒక్క రోజైనా ఏమీ చూడకుండా గదిలో నిద్రపోవాలి అన్నది. అవి రెండు కోరికలని మా అమ్మాయి అభ్యంతరం చెప్పింది. రెంటినీ ఆమోదించాము. బండి మా తమ్ముడిది, నడిపేదీ అతడే. అతని కోరిక బాదామి. దాని సంగతి చివర చెబుతాము. మా కోరిక గోర్నళ్ళి.

ఈ కోరికలను పటం మీద పెట్టి చూస్తే దారి దానంతట అదే ఏర్పడింది. బీదర్‌లో మూడు రాత్రులు, గుల్బర్గాలో రెండు, బీజాపూర్‌లో మూడు, రాయచూరులో ఒకటి. ఒక శనివారం ఫజ్ర్ తర్వాత బయలుదేరి, పదవ రోజైన సోమవారానికి మహబూబ్‌నగర్ చేరుకోవాలి. మొత్తం దాదాపు 850 కిలోమీటర్లు. తొందరపడితే రెండు రోజుల్లో చుట్టి రావచ్చు. మా బంధువుల్లో కొందరు ఆ మాట అనకుండానూ లేరు.

మహబూబ్‌నగర్ నుంచి బీదర్‌కు సుమారు 230 కిలోమీటర్లు. శంషాబాదు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పటాన్‌చెరు వైపు దిగితే, హైదరాబాదు రద్దీతో పని లేదు. అక్కడినుంచి జహీరాబాదు, ఆపైన బీదర్. బీదర్ పీఠభూమి అంచున, సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున ఉంది. సాయంత్రాలు మా ఊరికంటే హాయిగా ఉంటాయి. ఎక్కువ రాత్రులు అక్కడ పెట్టడానికి అదీ ఒక కారణం.

ఏప్రిల్ ఎండలో రోజును నమాజులను బట్టి విభజించుకోవడం కంటే మేలైన పద్ధతి మాకు తోచలేదు. ఫజ్ర్ నుంచి పదింటిదాకా తిరగడం. పది తర్వాత గది, భోజనం, జుహ్ర్, నిద్ర. అస్ర్ తర్వాత మళ్ళీ బయటికి వెళ్ళి మగ్రిబ్‌కు తిరిగిరావడం. ఒక పూటకు ఒక్కటే స్థలం. ఊరు మారే రోజున ప్రయాణమంతా ఉదయమే ముగియాలి, ఆ రోజు ఇంకేదీ చూడకూడదు.

బీదర్‌లో మొదటి సాయంత్రం గోర్నళ్ళికి. మరుసటి ఉదయం గవాన్ మదరసాకు. ఆ మదరసా ఇప్పుడు సగమే మిగిలి ఉంది. ఔరంగజేబు కాలంలో, 1696లో, అందులో నిల్వచేసిన మందుగుండు పేలి, ముందుభాగంలో సగమూ రెండు మినార్లలో ఒకటీ కూలిపోయాయి. మిగిలిన మినారుపై నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల పలకలు అక్కడక్కడా అంటుకొని ఉన్నాయి. పలకలపై ఖుర్ఆన్ ఆయతుల రాత ఇంకా చదవదగినట్టే ఉంటుంది. చదువు చెప్పే చోటును మందుగుండు గిడ్డంగిగా మార్చిన వారి తెలివిని గురించి ఎక్కువ రాయకపోవడమే మంచిది.

మూడవ రోజు ఉదయం కోట. బీదర్ కోట పెద్దది. అమ్మీజాన్ అంతా నడవలేరు. సోలహ్ ఖంబ్ మస్జిదు, రంగీన్ మహల్, ఈ రెండు చాలుననుకున్నాము. రంగీన్ మహల్‌లో నల్లరాతిలో ముత్యపుచిప్పలు పొదిగిన పని ఉంది. గది తాళం వేసి ఉంటే అక్కడి సిబ్బందిని మర్యాదగా అడగాలి. అదే సాయంత్రం పట్టణానికి తూర్పున అష్టూరులోని బహమనీ సుల్తానుల సమాధులు. అహ్మద్ షా వలీ సమాధి లోపలి రంగుల చిత్రణకు ప్రసిద్ధి. దానికి దగ్గరలోనే, క్రూరుడని పేరుపొందిన హుమాయూన్ షా సమాధి, పిడుగుపడి గుమ్మటం చీలిపోయి, లోపలిది బయటికి కనబడేలా నిలిచి ఉంది. పిల్లలకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

బిద్రీ పనికి నడిమి రోజు సాయంత్రం పూర్తిగా కేటాయించాము. జస్తాలో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రపై ఉలితో సన్నని గాడులు చెక్కి, వాటిలో వెండి తీగను అదిమి కూర్చుతారు. చివరగా కోటలోని పాతమట్టిని నవాసారంతో కలిపి కాచి, పాత్రకు పట్టిస్తే, జస్తా గాఢమైన నలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఎండా వానా సోకని చోటి మట్టి అయితేనే పని కుదురుతుందని పనివారంటారు, కొందరు నాలుకపై వేసుకొని మరీ పరీక్షిస్తారు. ఇదంతా అరగంటలో చూసే పని కాదు. పని చూపించినవారి దగ్గర చిన్న వస్తువైనా కొనకుండా లేచి రావడం సభ్యత కాదు గనుక, దానికి వేరుగా కొంత సొమ్ము ఉంచుకున్నాము. బేరం ఆడవద్దని అమ్మాయికి ముందే చెప్పాము. తీగ కూర్చే చేతి కూలి ఎంతో తెలిస్తే బేరమాడే నోరు రాదు.

నాలుగో రోజు ఉదయం హుమ్నాబాదు. బీదర్ నుంచి గంటన్నర ప్రయాణం. అక్కడ అమ్మీజాన్ నేస్తం ఇంట్లో భోజనం. పట్టికలో ఆ గడికి ఎదురుగా సమయం రాయలేదు. ముసలివారి మాటలు ఎప్పుడు ముగిస్తే అప్పుడే గుల్బర్గాకు కదులుతాము. చీకటి పడితే అక్కడే పడుకుంటాము, వారు ముందే పక్కలు సిద్ధం చేశామని కబురంపారు.

గుల్బర్గా ఎండ కఠినమైనది. కాని అక్కడి కోటలోని జామా మస్జిదు ఎండవేళకే కట్టినట్టుంటుంది. 1367 నాటి ఆ మస్జిదుకు మన దేశంలోని చాలా మస్జిదుల్లా తెరిచిన ప్రాంగణం లేదు. ప్రార్థనా స్థలమంతా గుమ్మటాల కప్పు కింద ఉంది. పక్కల నున్న వెడల్పైన తోరణాల గుండా గాలీ వెలుతురూ వస్తాయి. స్తంభాల నడుమ నిలబడి చూస్తే, తోరణం వెనుక తోరణం ఎంతదూరమైనా సాగుతూ పోతుంది. 2011లో దీనిని ఇరవై నిమిషాల్లో ముగించాము. ఈసారి ఒక ఉదయమంతా ఉంచాము. ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ దర్గా కూడా ఈ ఊళ్ళోనే. 1422లో పరమపదించిన ఆయన దక్కనీ ప్రజల భాషకు, విద్యకు చేసిన సేవ చాలా గొప్పది. గురువారం సాయంత్రాలు అక్కడ జనం ఎక్కువ. ముసలివారితో వెళ్ళేవారు బుధవారం ఉదయం వెళ్ళడం సుఖం. మేమూ అలాగే వెళ్తాము. సలాము, దుఆ, మౌనం, ఇంతకుమించి సమాధుల దగ్గర మాకు పని లేదని పిల్లలకు ముందే చెప్పి ఉంచాము. భోజనానికి జొన్నరొట్టె, కందిపప్పు. గుల్బర్గా కందిపప్పు పేరు తెలియని ఇల్లాలు ఉండదు. రెండు కిలోలు కొనాలని పట్టికలో మా చేత రాయించారు.

గురువారం ఉదయం భీమా నది దాటి, జేవర్గి, సిందగి మీదుగా బీజాపూర్‌కు 160 కిలోమీటర్లు. శుక్రవారం బీజాపూర్‌లో ఉండేలా రోజులను లెక్కించి పెట్టుకున్నాము. ప్రయాణికుడికి జుమా తప్పనిసరి కాకపోయినా, మొదటి అలీ ఆదిల్ షా ప్రారంభించిన ఆ జామా మస్జిదులో జుమా చదవగలగడం భాగ్యం. నేలపై ఒక్కొక్క నమాజీకి ఒక్కొక్క గడి గీసి, రెండువేలకు పైగా ముసల్లాలు తీర్చిన మస్జిదు అది. కాని ఆ శుక్రవారం ఉదయం బయటికి వెళ్ళేది లేదు. మా ఇల్లాలు కోరిన నిద్ర ఆ రోజున. గోల్ గుంబజ్ ముందున్న నఖార్‌ఖానాలోని మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు గనుక ఎవరికీ నష్టం లేదు. అది కోరినవారు శనివారం చూడవచ్చు.

శనివారం ఉదయం గోల్ గుంబజ్. 1656లో మరణించిన ముహమ్మద్ ఆదిల్ షా సమాధి. ఆ ఒక్క గుమ్మటం కింద, నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా, విశాలమైన చావడి. వసారాకు ఎక్కాలంటే మూల బురుజులోని ఇరుకైన మెట్లు ఏడంతస్తులు ఎక్కాలి. వసారాలో ఒకవైపు గోడకు నోరుపెట్టి మెల్లగా పలికితే, గుమ్మటం అవతలివైపు చెవి పెట్టినవారికి వినబడుతుంది. చప్పట్లు కొడితే పలుమార్లు మార్మోగుతుంది. అయితే జనం నిండాక అక్కడ కేకలు తప్ప గుసగుసలు ఉండవు. 2011లో మేము పట్టపగలు వెళ్ళి, కేకలు మాత్రమే విని వచ్చాము. అప్పుడు పసివాడైన మా అబ్బాయి ఆ రొదకు జడిసి ఏడ్చాడట. అతని కోరిక అక్కడినుంచే పుట్టిందేమో. ఈసారి తలుపు తెరిచే వేళకే అక్కడ ఉండాలి. అమ్మీజాన్ మెట్లు ఎక్కలేరు. ఆమెను ఒంటరిగా కింద వదలకూడదు గనుక, ముందు పిల్లలూ మా ఇల్లాలూ ఎక్కి దిగుతారు, మేము కింద చెట్టునీడలో ఆమెతో ఉంటాము. తర్వాత తమ్ముడు కోరితే ఎక్కుతాడు. మేము ఎక్కము, మోకాళ్ళు అనుమతించవు.

ఇబ్రాహీం రౌజాకు అదే శనివారం సాయంత్రం. రెండవ ఇబ్రాహీం ఆదిల్ షా, ఆయన రాణి తాజ్ సుల్తానా నిద్రిస్తున్న చోటు. సమాధి గది కిటికీల్లో రాతిని అరబ్బీ అక్షరాలుగా కత్తిరించి జాలీలు చేశారు. అక్షరాల మధ్య ఖాళీల్లోంచే వెలుతురు లోపలికి వస్తుంది. అరబ్బీ రాత నేర్పే ఉస్తాదుగా మేము అక్కడ కొంత ఎక్కువసేపు నిలబడితే, ఇంటివారు సహించాలని ముందే కోరుకున్నాము. మలికె మైదాన్ ఫిరంగి, అసర్ మహల్, గగన్ మహల్, తాజ్ బావడి, ఇంకా ఎన్నో ఉన్నాయి. దారిలో కనబడితే సంతోషం. కనబడకపోతే వాటికోసం బండి తిప్పేది లేదు.

ఆదివారం ప్రయాణం రెండువందల కిలోమీటర్లకు పైగా. మొత్తం దారిలో మొదటి రోజు తర్వాత ఇదే పొడవైనది. రాయచూరులో కాకతీయుల పాలనలో 1294లో కట్టిన కోటగోడ ఉంది. నలభై అడుగులకు మించిన ఏకశిలను బండిపై లాక్కొస్తున్న దృశ్యాన్ని కూడా ఆ గోడపై గీసి ఉంచారు. ఆ సాయంత్రం ఓపిక ఉంటే దానిని చూస్తాము. మరునాడు కృష్ణ దాటి, మక్తల్ మీదుగా ఇల్లు.

నమాజుల విషయం. మేము అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణం తలపెట్టి ఊరి పొలిమేర దాటినవారు ప్రయాణికులు. ఏ ఊళ్ళోనూ పదిహేను రోజులు ఉండదలచలేదు గనుక, పది రోజులూ జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగు ఫర్జ్ రకాతులకు బదులు రెండే. స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం పూర్తిగా నాలుగు. ఇంట్లో స్త్రీలు ఈ సౌకర్యం తెలియక, అలసిన ఒంటితో నాలుగేసి చదువుతూ ఉంటారు. వారికి విడమరచి చెప్పవలసిన బాధ్యత ఇంటి పురుషులది.

ఇక నీళ్ళ సంగతి. ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని హదీసు. మా ఇంట్లో ఆ పదవి ఇంతవరకు మాదే. ఈసారి బండి ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అనే విషయంలో అమీరు మా ఇల్లాలు. ఆమె ఆగమన్న చోట కారణం అడగకూడదు. ప్రతి గంటన్నరకూ ఒకసారి, అడిగినా అడగకపోయినా ఆగాలి. శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకులు, దారి హోటళ్ళు ఎక్కడున్నాయో మా అమ్మాయి ఫోన్‌లో వెదికి, ఆ మార్గంలో ఈ మధ్య ప్రయాణించిన బంధువులను అడిగి, ఒక చీటీ రాసింది. మొత్తం పట్టికలో అన్నిటికంటే ఎక్కువ శ్రమపడి తయారుచేసిన కాగితం ఆ చీటీయే. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా, ఒక లోటా, చాప, గొడుగులు, ఓఆర్ఎస్ పొట్లాలు, అమ్మీజాన్ ఇన్సులిన్‌కు చల్లటి ఫ్లాస్కు, ఇవి వెనుక కాకుండా చేతికందే చోట ఉండాలి. టైర్లలో గాలి ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలని తమ్ముడు చెప్పాడు. ఇంజను చల్లబరిచే నీరు, ఏసీ, స్టెప్నీ ఈ వారమే చూపిస్తాడు. నడిపేవాడు అతడొక్కడే గనుక, మధ్యాహ్నం నిద్ర మిగతావారికి ఐచ్ఛికమైనా అతనికి తప్పనిసరి.

గదులు నాలుగు ఊళ్ళలోనూ ముందే మాట్లాడుకున్నాము. అన్నిచోట్లా కింది అంతస్తులోనే కోరాము. బీజాపూర్‌లో ఒకచోట కింది అంతస్తు లేదంటే మరోచోట చూసుకున్నాము.

బాదామి సంగతి చెబుతామన్నాము. నిన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "భాయీజాన్, బీజాపూర్‌లో శుక్రవారం అందరూ ఖాళీగానే ఉంటారు కదా, తెల్లవారుజామున బయలుదేరితే జుమా వేళకు తిరిగి రావచ్చేమో. బాదామి ఎంత దూరమంటారు?" అన్నాడు. నూట ఇరవై కిలోమీటర్లకు పైనే ఉంటుందని చెప్పి, ఫోను మా ఇల్లాలి చేతికిచ్చాము.